అర్జీ కూడా చరిత్రే: సిపాయి వైకల్య పింఛను

దళిత సిపాయి చరిత్ర అంటే మనం యుద్ధాలే చెప్పుకుంటాం. సిపాయిలు పెట్టుకున్న అర్జీలు కూడా ఆ చరిత్రలో భాగమేనని మేం అంటున్నాం. బ్రిటిష్ సైన్యం మహర్లను చేర్చుకోవడం ఆపేశాక, 1894లో రిటైరైన సిపాయి గోపాల్‌బాబా వలంగ్కర్ మళ్ళీ చేర్చుకోవాలని అర్జీ తయారుచేశాడు. 1910లో శివరామ్ జానబా కాంబ్లే మరో అర్జీ పంపాడు. మహర్ రెజిమెంటు ఏర్పడింది మాత్రం 1941లో.

చేరడానికి ఒక పోరాటమైతే, ఒళ్ళు పాడై తిరిగొచ్చాక హక్కు రాబట్టుకోవడం ఇంకో పోరాటం. ఈ కష్టం అన్ని కులాల సిపాయిలకూ ఉంది. అయితే భూమి ఉన్నవాడు పింఛను రాకపోయినా పొలం మీద బతుకుతాడు. సెంటు భూమి లేని మాలపల్లె, మాదిగగూడెం సిపాయి దేనిమీద బతకాలి?

1961 పింఛను నిబంధనల ప్రకారం వైకల్యం 20 శాతమైనా ఉండాలి, అది సర్వీసు వల్ల వచ్చిందో, సర్వీసులో ముదిరిందో అయ్యుండాలి. మెడికల్ బోర్డు 'సర్వీసుకు సంబంధం లేదు' అని ఒక్క ముక్క రాస్తే చాలు, పింఛను పోయినట్టే. సిగ్నల్స్ విభాగంలో తొమ్మిదేళ్ళు చేసిన సిపాయిని మూర్ఛ వ్యాధి ఉందని 1994లో ఇంటికి పంపి, పింఛను ఇవ్వలేదు. అదే ధరమ్‌వీర్ సింగ్ కేసు. 2013 జులై 2న సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే: చేరేనాటి వైద్య పరీక్షలో ఆ జబ్బు రాయలేదంటే మనిషి ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. సంబంధం లేదని రుజువు చేయాల్సింది ప్రభుత్వం, సిపాయి కాదు. బోర్డు కారణాలు రాసి తీరాలి.

ఆ తీర్పు 1982 నిబంధనల మీద వచ్చింది. తర్వాత 2008లో, 2023లో కొత్త నిబంధనలు వచ్చాయి. కనుక సిపాయి ఏ తేదీన బయటికొచ్చాడో మొదట చూడాలి. తిరస్కరణ ఉత్తరం అందిన ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు, అదీ కొట్టేస్తే రెండో అప్పీలు, ఆపైన 2007 చట్టంతో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్. గడువు దాటితే సరైన కారణం చూపి ట్రిబ్యునల్‌ను మన్నించమని అడగొచ్చు.

చేరేనాటి వైద్య పత్రం, బోర్డు కాగితాలు, తిరస్కరణ ఉత్తరం, ఈ మూడూ చేతిలో ఉండాలి. లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 'రాదు' అని వచ్చిన ఉత్తరాన్ని చాలామంది దేవుడి రాత అనుకొని పెట్టెలో పెట్టేస్తారు. దాన్ని బయటికి తీయించి, చదివి, అప్పీలు రాసిపెట్టడం పల్లెల్లో పనిచేసే కార్యకర్తల పని. ఇందులో ఎవరి దయా లేదు. రాజ్యం 'కాదు' అన్నప్పుడు 'ఎందుకు కాదు?' అని అడిగే హక్కు ఉంది, అంతే.