గొంగడి
దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే ముతక కప్పుడుబట్ట. పెద్దవంగర (మహబూబాబాద్ జిల్లా, 2016కు ముందు వరంగల్ జిల్లా) సహా తెలంగాణ పల్లెల్లో గొల్ల కురుమలకు చలికోటు, వానకోటు ఇదే. ఉన్ని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంట మగ్గంపై నేస్తారు. కొత్తది బిరుసుగా ఉండి ఒంటికి గుచ్చుకుంటుంది; అది లోపం కాదు. తల మీదుగా కొప్పెర (ముసుగు) వేసుకుంటే వాన నీళ్లు చాలాసేపు పైపైనే జారిపోతాయి. తడిసినా ఉన్ని వెచ్చదనం పూర్తిగా పోదు. మంచుకొండల్లో స్నోబోర్డింగ్ చేసేవాళ్లు జాకెట్ లోపల నూలు మాని ఉన్ని బనియన్ తొడిగేదీ అందుకే. రంగు వేయని నల్ల ఉన్నిదే మేలు. చవక మిల్లు దుప్పటి చలికి చాలునేమో గానీ వానకు ఆగదు. అసలు ఉన్నేనా అని అనుమానముంటే అంచున ఒక పోగు లాగి కాల్చాలి. అసలు ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసనతో పొడిబూడిద అవుతుంది, యాక్రిలిక్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.