లాంబోర్గిని: ట్రాక్టరు మీద పడిన పేరు

లాంబోర్గిని అంటే గాలిలా పరుగెత్తే ఖరీదైన కారు అని మీ పిల్లలు చెప్పే ఉంటారు. ఆ పేరు మొదట పడింది ట్రాక్టరు మీద అంటే ఆశ్చర్యపోతారేమో.

ఫెరూచియో లాంబోర్గిని ఇటలీలో రెనాజ్జో అనే పల్లెలో, 1916లో, వ్యవసాయదారుల ఇంట పుట్టాడు. నాగలికంటే మరల మీదే మనసు. యుద్ధకాలంలో వైమానిక దళంలో మెకానిక్కుగా పనిచేశాడు. ఇంటికి తిరిగివచ్చి చూస్తే దున్నడానికి ట్రాక్టర్లు లేవు. సైన్యం వదిలేసిన వాహనాలు మాత్రం గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి సామాను ఊడదీసి ట్రాక్టర్లు బిగించాడు. 1948లో చెంతో పట్టణంలో కర్మాగారం పెట్టాడు. ఇక్కడొక కిటుకుంది. ఆ ఇంజన్లు పెట్రోలువి. ఆ ఖర్చు రైతుకు గిట్టదు. అందుకని పెట్రోలుతో మొదలెట్టి, తర్వాత డీజిలుకు మార్చుకునేలా ఒక పరికరం అమర్చాడు. రైతు ఇబ్బంది రైతుబిడ్డకే తెలుస్తుంది కదా!

డబ్బు చేరింది. ఫెరారీ కారు కొన్నాడు. దాని క్లచ్చి మాటిమాటికీ చెడుతోందని ఎంజో ఫెరారీతో అంటే, ట్రాక్టర్లు తోలేవాడికి కార్ల సంగతేం తెలుసునన్నాడట. ఇది లాంబోర్గిని తానే చెప్పుకున్న కథ. పంతమో, లాభమో, 1963లో సాంతాగాత అనే ఊళ్లో కార్ల కర్మాగారం వెలిసింది. 1966లో మియూరా వచ్చి పేరు మోగించింది. గుర్తు ఎద్దు. దుక్కిటెద్దు కాదండోయ్, పోట్లగిత్త. ఆయనది వృషభరాశి మరి.

ఇక దెబ్బ ఎక్కడ తగిలిందో వినండి. దక్షిణ అమెరికాలోని బొలీవియా నుంచి ట్రాక్టర్లకు పెద్ద ఆర్డరు వచ్చింది. 1971లో అక్కడ సైనికులు అధికారం పట్టారు, ఆర్డరు రద్దయింది. సరుకు నిలిచిపోయింది, పనివాళ్ల జీతాలు ఆగుతాయా? ఒక్క బేరగాణ్ణి నమ్ముకుంటే ఏమవుతుందో పొగాకు పండించేవారికి నేను చెప్పనక్కర్లేదు. 1972లో కార్ల సంస్థలో నూటికి 51 వంతులు అమ్మాడు. 1973లో ట్రాక్టర్లు సామే కంపెనీకి పోయాయి. 1974లో కార్లలో మిగిలిన వాటా కూడా అమ్మేశాడు.

కార్ల సంస్థ 1978లో దివాలా తీసింది. తర్వాత ఎన్ని చేతులు మారిందని! 1987లో అమెరికా క్రైస్లరు, 1994లో ఇండోనేషియావారు, 1998లో జర్మనీ ఆడి. ఇప్పుడు ఆ పేరుతో వచ్చే ట్రాక్టర్లు ఒకరివి, కార్లు వేరొకరివి. ఆయన మాత్రం త్రాసిమేనో సరస్సు దగ్గర భూమి కొని, ద్రాక్షతోట వేసి, 1993లో కన్నుమూసేదాకా ఆ ప్రాంతంలోనే ఉండిపోయాడు.