తలకు సన్నని కరెంటు

తలకు విద్యుత్తు తగిలించి బాధ తగ్గించే వైద్యం బ్యాటరీ కన్నా పాతది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్, ఎంతకీ తగ్గని తలనొప్పికి బతికున్న టార్పెడో చేపను నొప్పి ఉన్నచోట ఆనించమన్నాడు. ఆ చేప ఒంట్లోనే కరెంటు పుడుతుంది.

1800లో వోల్టా బ్యాటరీ వచ్చాక చేపతో పని తీరిపోయింది. శాస్త్రవేత్త గాల్వానీ మేనల్లుడు జొవాన్ని ఆల్దీని 1801లో ఇటలీలోని బొలోన్యాలో, తీవ్రమైన దిగులుతో ఉన్న ఒక రైతు తలకు కరెంటు పెట్టాడు. అతను కోలుకున్నాడని 1804 నాటి పుస్తకంలో రాశాడు. అదే ఆల్దీని 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవానికి కరెంటు పెట్టి కండరాలు కదిలించి చూపాడు. జనానికి గుర్తుండిపోయింది వైద్యం కాదు, ఈ ప్రదర్శనే.

20వ శతాబ్దం మధ్యలో సోవియట్ వైద్యులు నిద్ర కోసం తలకు సన్నని కరెంటు పంపే ‘ఎలక్ట్రోస్లీప్’ పద్ధతి వాడారు. 2000లో జర్మనీలోని గొట్టింగెన్‌లో నిట్షె, పౌలస్ అనే పరిశోధకులు ఒక మిల్లీయాంపియర్ కరెంటు కొద్ది నిమిషాల్లోనే మెదడు చురుకుదనాన్ని మారుస్తుందని కొలిచి చూపారు. ఇందుకు వాడే పరికరం చిన్నది, ఉప్పునీటిలో తడిపిన స్పాంజీలు చాలు. అందుకే ఇంటికి చేరగలిగింది. రాత్రి డ్యూటీలతో, సైరన్లతో నిద్ర చెడి, ఒత్తిడికి లోనయ్యే అగ్నిమాపక సిబ్బంది దీన్ని ఇంట్లోనే వాడుకోవచ్చునన్న ఆలోచనకు మూలం ఇదే. అయితే వారి ఒత్తిడి ఖాయంగా తగ్గుతుందని చెప్పేంత ఆధారం లేదు. ఎలక్ట్రోస్లీప్ నుంచి వచ్చిన పరికరాలను అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఆందోళనకు, నిద్రలేమికి కొంత సడలించిన వర్గంలో చేర్చింది. డిప్రెషన్‌కు మాత్రం కఠిన నిబంధనలే ఉంచింది.