బర్మా సీసం, రంగం రేవు, మనవాళ్ళు



ఈ వారం సీసం కథ. మనలో తమిళ బడిలో చదివినవాళ్ళు ఈయం అంటారు. దీనికీ మన సంఘానికీ ఏం సంబంధం అంటారా? చివరిదాకా చదవండి.

1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. అక్కడ షాన్ కొండల్లో బాడ్విన్ గని. పూర్వం చైనావాళ్ళు వెండి కోసం తవ్వి, సీసం నిండిన చిట్టెం కుప్పలు వదిలి వెళ్ళారు. 1900 తర్వాత వచ్చిన తెల్లవాళ్ళ కంపెనీ ముందు ఆ చిట్టాన్నే కరిగించింది. తర్వాత పక్కనే నమ్‌టూలో కొలిమి పెట్టారు. ఆ కంపెనీని నిలబెట్టినవాళ్ళలో ఒకరు హెర్బర్ట్ హూవర్. మాంద్యం వచ్చినప్పుడు అమెరికా అధ్యక్షుడు ఆయనే!

పని ఇలా. ఖనిజాన్ని కాల్చి గంధకం పోగొట్టాలి. కోక్‌తో కొలిమిలో వేస్తే సీసం కరిగి అడుగుకు దిగుతుంది. అందులో జింకు కలిపితే వెండిని పట్టుకుని పైకి తేలుతుంది.

నమ్‌టూ నుంచి రెండడుగుల సన్న లైను. నమ్‌యావ్‌లో మీటర్ గేజి బండికి సరుకు మార్చాలి. గూడ్సు ఆఫీసులో పనిచేసినవాళ్ళకు ఆ తిప్పలు తెలుసు. అక్కణ్ణుంచి గోక్‌టైక్ వంతెన దాటి మాండలే, చివరికి రంగం రేవు.

లండన్‌లో 1925లో టన్ను సీసం 30 పౌండ్లకు పైనే. 1932కి 12 పౌండ్ల దగ్గరికి పడింది. వెండి ధరా పడింది. అయినా నమ్‌టూ మూతపడలేదు. మండుతున్న కొలిమిని ఆర్పితే లోపలి సరుకంతా గడ్డకడుతుంది. గనికీ రైలుకీ పోసిన డబ్బు తిరిగి రాదు. నష్టానికైనా నడపడమే మేలు.

మరి కష్టం ఎవరి మీద పడింది? రంగం రేవులో మూటలు మోసేవాళ్ళు ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. వాళ్ళను కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ చోట బర్మావాళ్ళను పెట్టారు. సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళను పొమ్మన్నారు. పని పోయిన కోపం యజమానుల మీదికి పోలేదు, మనవాళ్ళ మీదికి వచ్చింది. ఎందరో చచ్చిపోయారు. ఇద్దరూ ఆకలిగొన్నవాళ్ళే, ఒకరినొకరు కొట్టుకున్నారు.

సీసం ధర ఏ ఏడు ఎంతో పుస్తకాల్లో దొరుకుతుంది. రంగం పోయి తిరిగిరాని మన తాతల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ ఆదివారమే అడగండి. పేరు, ఊరు, పోయిన ఏడు రాసి సంఘానికి పంపండి. మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?