కారు కీ పోయిందా? కొత్తది ఎలా తీసుకోవాలి.. పోలీసులకు, బీమా కంపెనీకి ఎందుకు చెప్పాలి?

గోదావరి ఘాట్‌లో స్నానం చేసి ఒడ్డుకొచ్చారు. జేబు తడిమి చూస్తే పర్సు ఉంది, ఫోన్ ఉంది, కారు కీ లేదు. ఇంటిల్లిపాదీ కారు చుట్టూ నిలబడ్డారు. రెండో కీ ఇంట్లో బీరువాలో ఉంటే ఎవరో ఒకరు తెచ్చిస్తారు. అదీ ఎప్పుడో పోయి ఉంటే?

ఒకప్పుడు తాళాలు చేసే మనిషిని పిలిస్తే కాసేపట్లో పని అయిపోయేది. ఇప్పటి కార్లలో కీ లోపల చిప్ ఉంటుంది. ఆ చిప్‌ను కారు గుర్తుపడితేనే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. అందువల్ల కొత్త కీ కావాలంటే కాగితాలు, డబ్బు, కొన్నిసార్లు రోజుల తరబడి ఎదురుచూపు తప్పవు. పోయిన కీ గురించి ఎక్కడా చెప్పకపోతే రేపు కారే చోరీకి గురైనప్పుడు బీమా సొమ్ము దగ్గర చిక్కు రావచ్చు. కీ పోతే ఏం చేయాలి? పోకముందే ఏం చేసుకోవాలి? వరుసగా చూద్దాం.

మీ కారుది ఏ రకం కీ?

కొత్త కీకి అయ్యే ఖర్చు, సమయం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడతాయి.

మామూలు ఇనుప కీ: పాత కార్లలో ఉంటుంది. చిప్ ఉండదు. తాళాల షాపులో కొన్ని వందల రూపాయలకే మరొకటి చేస్తారు.

చిప్ ఉన్న కీ: చూడ్డానికి మామూలు కీలాగే ఉంటుంది. పైన ఉండే ప్లాస్టిక్ భాగంలో చిన్న చిప్ ఉంటుంది. అచ్చం అలాగే ఇనుప కీ కోయించుకుంటే తలుపు తెరుచుకుంటుంది కానీ బండి స్టార్ట్ కాదు.

రిమోట్ కీ: లాక్, అన్‌లాక్ బటన్లు ఉంటాయి. స్టార్ట్ చేయడానికి మాత్రం కీని తిప్పాలి. రిమోట్, చిప్ రెండింటినీ కారుకు అనుసంధానం చేయాలి.

స్మార్ట్ కీ: జేబులో ఉంటే చాలు, బటన్ నొక్కితే బండి స్టార్ట్ అవుతుంది. అన్నింటిలోకీ ఖరీదైనది ఇదే. మోడల్‌ను బట్టి వేలల్లో ఉంటుంది. ఖరీదైన కార్లకైతే ఇంకా ఎక్కువే అవుతుంది.

పోలేదు, పనిచేయడం లేదంటే..

కొత్త కీకి ఆర్డర్ ఇచ్చే ముందు బ్యాటరీ మార్చి చూడండి. చాలా కీలలో సీఆర్2032 లాంటి గుండ్రటి కాయిన్ బ్యాటరీ ఉంటుంది. వాచీల షాపులో దొరుకుతుంది. పాత బ్యాటరీ మీద ఏ నంబర్ ఉంటే అదే తీసుకోండి.

స్మార్ట్ కీ బ్యాటరీ దారిలో అయిపోయినా కంగారు పడొద్దు. చాలా మోడళ్లలో కీ లోపల చిన్న ఇనుప కీ దాగి ఉంటుంది. దాన్ని బయటకు లాగి డ్రైవర్ తలుపు తెరవొచ్చు. తర్వాత కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. చిప్‌కు బ్యాటరీతో పని లేకపోవడమే కారణం. కొన్ని కార్లలో కీని ఆనించాల్సిన చోటు వేరుగా ఉంటుంది. అది ఎక్కడో కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో ఉంటుంది, ఒకసారి చూసి పెట్టుకోండి.

బటన్లు అరిగిపోయినా, పై డొక్కు పగిలినా కొత్త కీ అక్కర్లేదు. లోపలి బోర్డును, చిప్‌ను కొత్త డొక్కులోకి మారిస్తే సరిపోతుంది.

కీ కారు లోపలే ఉండి తలుపులు లాక్ అయితే..

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో ముందు చూడండి. కారు కంపెనీ వారంటీతో గానీ, బీమా పాలసీతో గానీ చాలామందికి ఈ సేవ ఉంటుంది. నంబర్ పాలసీ కాగితంలో ఉంటుంది. కారు లోపల పసిపిల్లలుంటే మాత్రం మెకానిక్ కోసం ఎదురుచూడొద్దు. ఎండలో నిలిపిన కారు నిమిషాల్లో వేడెక్కుతుంది. వెంటనే 112కు ఫోన్ చేయండి. బిడ్డకు దూరంగా ఉన్న అద్దం పగలగొట్టడానికి వెనకాడొద్దు.

పోలీసులకు చెప్పాలా?

చెప్పాలి. ఆ రోజే చెబితే మంచిది. ఇక్కడ రెండు సందర్భాలను వేర్వేరుగా చూడాలి.

కీ ఎక్కడో జారిపోయింది, ఎవరి మీదా అనుమానం లేదు అనుకుంటే వస్తువు పోయినట్లు దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. దీన్నే లాస్ట్ రిపోర్ట్ అంటారు. స్టేషన్‌కు వెళ్లి ఇవ్వొచ్చు. తెలంగాణలో మీసేవ ద్వారా, ఏపీలో పోలీసు శాఖ ఆన్‌లైన్ సేవల ద్వారా కూడా దరఖాస్తు చేసుకునే వీలుంది.

కీ ఉన్న బ్యాగు ఎవరో ఎత్తుకెళ్లారు, ఇంట్లో దొంగతనంలో కీ కూడా పోయింది అనుకుంటే లాస్ట్ రిపోర్ట్ సరిపోదు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లోపు సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు.

దరఖాస్తులో ఇవి తప్పకుండా రాయండి: మీ పేరు, చిరునామా, కారు నంబర్, మోడల్, ఛాసిస్ నంబర్, పోయింది ఒక కీనా రెండా, ఎక్కడ, ఏ తేదీన, ఏ సమయంలో పోయింది, కారు ప్రస్తుతం ఎక్కడుంది. ‘కారు తాళాలు పోయినవి’ అని పొడిగా రాస్తే ఎన్ని పోయాయో తెలియదు. ‘ఒక రిమోట్ కీ పోయినది, మరొకటి నా వద్దనే ఉన్నది’ అని స్పష్టంగా రాయాలి. తర్వాత బీమా కంపెనీ చూసేది ఈ వాక్యమే.

షోరూంలో ఏమేం అడుగుతారు?

కారు కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. కారు ఎవరిదో తేల్చుకున్నాకే కీకి ఆర్డర్ పెడతారు. సాధారణంగా అడిగేవి ఇవి..

ఆర్సీ. కార్డు ఇంట్లో ఉండిపోతే ఫోన్‌లో డిజీలాకర్, ఎంపరివాహన్ లేదా తెలంగాణ ఆర్టీఏ ఎం-వాలెట్‌లో ఉన్నదాన్ని చూపించండి.

యజమాని గుర్తింపు కార్డు.

కొత్త కీ కావాలంటూ సంతకం చేసిన లేఖ.

లాస్ట్ రిపోర్ట్ లేదా ఎఫ్‌ఐఆర్ ప్రతి.

మిగిలి ఉన్న కీ, కీ నంబర్ ట్యాగ్.

ఈ ట్యాగ్ గురించి చాలామందికి తెలియదు. కొత్త కారు కొన్నప్పుడు కీలతో పాటు అంకెలు చెక్కిన చిన్న బిళ్ల ఇస్తారు. ఆ నంబర్ ఉంటే అదే వరుసలో కీని కోయడం సులువు. అది కీల గుత్తికే వేలాడుతూ ఉంటే కీతో పాటే పోతుంది. విప్పి ఆర్సీ, ఇన్వాయిస్ ఉన్న ఫైల్‌లో పెట్టండి. నంబర్‌ను ఫొటో తీసుకోండి.

కీ కంపెనీ నుంచి రావాలి కాబట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు. డబ్బు కట్టే ముందు అంచనాను రాతపూర్వకంగా తీసుకోండి. అందులో కీ ధర, కోసినందుకు ఛార్జీ, ప్రోగ్రామింగ్ ఛార్జీ, జీఎస్టీ వేర్వేరుగా ఉండాలి. ఎన్ని రోజుల్లో ఇస్తారో కూడా రాయించండి. డబ్బు తీసుకుని తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

రెండు కీలూ పోతే?

ఖర్చు బాగా పెరిగేది ఇక్కడే. ఒక్క కీ పనిచేస్తున్నా కారును నడుపుకుంటూ సర్వీస్ సెంటర్‌కు వెళ్లొచ్చు. రెండూ పోతే కారును బండి మీద ఎక్కించి తీసుకెళ్లాలి, లేదంటే టెక్నీషియనే పరికరంతో రావాలి. కొన్ని మోడళ్లలో కీలను గుర్తించే యూనిట్‌ను, తాళాల సెట్ మొత్తాన్ని మార్చాల్సి వస్తుంది. ఒక కీ పోయినప్పుడే రెండోది చేయించుకుంటే ఈ ఖర్చంతా తప్పుతుంది.

పాత కీని తీసేయించడం మరవొద్దు

కొత్త కీ చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటాం. పోయిన కీ ఎవరికైనా దొరికితే అది ఇప్పటికీ మీ కారును స్టార్ట్ చేస్తుంది. అందుకే ప్రోగ్రామింగ్ చేసేటప్పుడే ‘పాత కీని సిస్టమ్‌లోంచి తీసేయండి’ అని అడగండి. ఇంట్లో ఉన్న కీలన్నీ వెంట తీసుకెళ్లండి. చాలా కార్లలో పాత నమోదులన్నీ చెరిపేసి, ఎదురుగా ఉన్న కీలను మాత్రమే మళ్లీ నమోదు చేస్తారు. ఇంట్లో మరచిపోయిన కీ కూడా ఆ తర్వాత పనిచేయదు. ఎన్ని కీలు నమోదై ఉన్నాయో జాబ్‌కార్డు మీద రాయించుకోండి.

చిప్ నమోదు తీసేసినా పాత కీలోని ఇనుప భాగంతో తలుపు తెరుచుకోవచ్చు. కీ దొంగతనానికి గురైందని, దొంగకు మీ ఇల్లు తెలుసని అనుమానముంటే తాళాల సెట్ మార్చుకోవడమే క్షేమం.

బయట చేయించుకోవచ్చా?

మామూలు ఇనుప కీకి తాళాల షాపు చాలు. చిప్ కీలు చేసేవారు కూడా నగరాల్లో ఉన్నారు, ఖర్చు షోరూం కంటే తగ్గొచ్చు. అయితే కొన్ని జాగ్రత్తలు అవసరం. స్థిరమైన షాపు ఉన్నవారినే ఎంచుకోండి. పని మీ కళ్ల ముందే జరగాలి. బిల్లు తీసుకోండి. కారు వారంటీలో ఉంటే బయట చేయించడం వల్ల ఇబ్బంది ఉంటుందా అని ముందే సర్వీస్ సెంటర్‌లో అడగండి. ఆన్‌లైన్‌లో దొరికిన నంబర్‌కు ఫోన్ చేస్తే తక్కువ రేటు చెప్పి, ఇంటికొచ్చి తలుపు తెరిచాక నాలుగింతలు అడిగేవాళ్లుంటారు. మొత్తం ఎంతో మెసేజ్‌లో తెప్పించుకున్నాకే రమ్మనండి.

పాత చిప్‌ను అచ్చం అలాగే కాపీ చేయడం వేరు, కొత్త కీని కారులో నమోదు చేయడం వేరు. కాపీ కీకి పాత కీ గుర్తింపే ఉంటుంది. రేపు రెంటిలో ఒకటి పోతే దాన్ని ఒక్కదాన్నే తీసేయించలేరు. ఏ పద్ధతిలో చేస్తున్నారో అడిగి తెలుసుకోండి.

బీమా ఇస్తుందా?

మామూలు సమగ్ర పాలసీలో కీ పోవడం సాధారణంగా ఉండదు. దీనికి ‘కీ రీప్లేస్‌మెంట్’ లేదా ‘కీ ప్రొటెక్ట్’ పేరుతో విడిగా యాడ్-ఆన్ తీసుకోవాలి. ఎంత వరకు ఇస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారు, ఎన్ని రోజుల్లో తెలియజేయాలి అన్నవి పాలసీలోనే ఉంటాయి. ముందు బీమా కంపెనీకి చెప్పి, తర్వాతే కీకి ఆర్డర్ ఇవ్వండి.

యాడ్-ఆన్ లేకపోయినా బీమా కంపెనీకి ఈమెయిల్ పంపండి. కారు చోరీకి గురై క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీలు ఎఫ్‌ఐఆర్, ఆర్సీతో పాటు కారు కీలన్నీ అప్పగించమంటాయి. ఒక్కటే ఇస్తే రెండోది ఏమైందని అడుగుతాయి. కీని కారులోనే వదిలేశారేమో, నిర్లక్ష్యమేమో అన్న ప్రశ్న వస్తుంది. రెండేళ్ల కిందటే పోయిందని అప్పుడు నోటితో చెబితే నమ్మించడం కష్టం. నాటి లాస్ట్ రిపోర్ట్, ఈమెయిల్, కొత్త కీ బిల్లు చేతిలో ఉంటే మీ మాటకు ఆధారం ఉంటుంది.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. దీనికి ఫీజు లేదు. ఐఆర్‌డీఏఐ హెల్ప్‌లైన్ నంబర్ 155255.

ఆర్సీ మీ పేరున లేకపోతే?

కారు వాడేది గుంటూరులో ఉన్న తండ్రి, ఆర్సీ అమెరికాలో ఉన్న కొడుకు పేరున. ఇలాంటి ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. అప్పుడు కొడుకు సంతకంతో అధికార లేఖ, అతని గుర్తింపు కార్డు ప్రతి కావాలి. ఏ రూపంలో ఇస్తే తీసుకుంటారో సర్వీస్ సెంటర్‌కు ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

యజమాని చనిపోయి ఉంటే ముందు ఆర్సీ మార్చుకోవాలి. మరణం సంగతి 30 రోజుల్లో ఆర్టీవో కార్యాలయానికి తెలియజేసి, 3 నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరిట బదిలీకి దరఖాస్తు చేయాలి. అంతవరకు షోరూంలో కీ ఇవ్వడానికి వెనకాడే అవకాశం ఉంది.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? రెండు కీలూ చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఒక్కటే ఉందంటే కొత్త కీ ఖర్చును ధరలో తగ్గించమనండి. రెండోది పోయిందని అమ్మినవారి చేత రాయించుకోండి. ఆర్సీ మీ పేరుకు మారగానే కీలను మళ్లీ నమోదు చేయించండి. పాత యజమాని దగ్గర మూడో కీ ఉందో లేదో మీకు తెలియదు కదా!

ఇప్పుడే చేయాల్సిన పని

ఈ కథనం చదివాక ఒకసారి బీరువా తెరిచి చూడండి. రెండో కీ ఉందా? ఉంటే దాంతో కారు స్టార్ట్ చేసి చూడండి. ఏళ్ల తరబడి వాడకపోతే రిమోట్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. కీ నంబర్ ట్యాగ్ ఫొటో తీయండి. దూరప్రయాణాల్లో రెండో కీని కారులోనే పెట్టకుండా మరొకరి బ్యాగులో పెట్టండి. రెండో కీ లేకపోతే ఈ నెలలోనే ఆర్డర్ ఇవ్వండి. ఉన్న ఒక్క కీ పనిచేస్తున్నంత కాలం ఇది వేలల్లో తేలిపోయే ఖర్చు. అదీ పోయాక ఎంతవుతుందో మీ కారు మోడలే నిర్ణయిస్తుంది.