శీతలీకరణ యంత్రాల్లో నైట్రోజన్ పర్జింగ్

రిఫ్రిజిరేషన్ పైపులు, ట్యాంకులకు మరమ్మతు చేసేముందు లోపల మిగిలిన వాయువును పొడి నైట్రోజన్‌తో వెళ్లగొట్టే పద్ధతి. అమ్మోనియాతో చల్లబరిచే డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు ఉన్న చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇది ప్రాణాలకు సంబంధించిన పని. 2020 ఆగస్టులో పూతలపట్టు మండలం బండపల్లి దగ్గర ఒక డెయిరీలో అమ్మోనియా లీకై పలువురు మహిళా కార్మికులు ఆసుపత్రి పాలయ్యారు.

గాలిలో అమ్మోనియా సుమారు 15 నుంచి 28 శాతం ఉంటే మండుతుంది. అందుకే వెల్డింగుకు ముందు వాల్వులు మూసి, వాటికి తాళం వేసి ఆ భాగాన్ని వేరుచేస్తారు. ద్రవ అమ్మోనియాను రిసీవర్ ట్యాంకులోకి లాగుతారు, అడుగున చేరిన నూనెను తీసేస్తారు. నైట్రోజన్ ఆ తర్వాతే. బయటికొచ్చే వాయువును నీటిలోకి పంపితే అమ్మోనియా కరిగిపోతుంది. అయితే ఆ నీరు పైపులోకి ఎదురెక్కకుండా నాన్‌రిటర్న్ వాల్వు ఉండాలి. నూనె మడ్డిలో ఇంకిన అమ్మోనియా చాలాసేపటిదాకా ఊరుతూనే ఉంటుంది. గ్యాస్ మీటరుతో ఒక్కసారి చూసి వెల్డింగ్ టార్చి వెలిగించడం చాలదు, మళ్లీ మళ్లీ చూడాలి.

నిండు నైట్రోజన్ సిలిండరులో పీడనం దాదాపు 150 బార్. రెగ్యులేటరు, సేఫ్టీ వాల్వు లేకుండా కలిపితే పైపు పగలవచ్చు. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ ఎక్కించడం ఘోరం: నూనె తగిలి పేలుతుంది. నైట్రోజన్‌కు వాసన లేదు. మూసిన గదిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే ప్రమాదం, మరీ తగ్గితే ముందు ఏ సూచనా లేకుండానే మనిషి కూలిపోతాడు.

ఏసీల రాగి గొట్టాలకు బ్రేజింగ్ చేసేటప్పుడూ నైట్రోజన్‌ను సన్నగా పారిస్తారు; లోపల నల్లటి పెచ్చు కట్టదు.