ఎడమ కాలువ వెనుక కాగితాలు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారనీ, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారనీ మిర్యాలగూడ, కోదాడ వైపు బడిపిల్లలు కూడా చెబుతారు. డ్యామ్ కట్టిన ఇంజనీర్లనూ, రాళ్లు మోసిన కూలీలనూ జనం ఇప్పటికీ తలుచుకుంటారు. కాలువల కోసం తెచ్చిన అప్పు పత్రాలను పంక్తి పంక్తీ సరిచూసిన సర్కారు న్యాయాధికారుల ఊసు మాత్రం ఎక్కడా వినపడదు. ఎడమ కాలువ కథలో వాళ్లకూ వాటా ఉంది.

నీళ్లు వదిలినంత మాత్రాన పొలాలన్నీ తడవలేదు. మేజర్లు, మైనర్లు అనే పిల్ల కాలువలు, తూములు, పంట కాలువలు పూర్తి కావాలంటే డబ్బు కావాలి. 1976లో సాగర్ కాలువలకూ పోచంపాడు ప్రాజెక్టుకూ కలిపి ప్రపంచ బ్యాంకు 14.5 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది.

చిక్కుముడి అక్కడే మొదలవుతుంది. రాజ్యాంగం 293వ అధికరణ ప్రకారం రాష్ట్రం దేశం లోపలే అప్పు చేయగలదు. బయటి అప్పు చేయాల్సింది కేంద్రం. నీరు చూస్తే రాష్ట్ర జాబితాలో 17వ అంశం. అప్పు ఢిల్లీది, కాలువ హైదరాబాద్‌ది. అందుకే ఇలాంటి అప్పులకు రెండు పత్రాలు తయారవుతాయి: రాష్ట్రపతి పేరిట కేంద్రం చేసే రుణ ఒప్పందం, బ్యాంకుతో రాష్ట్రం చేసుకునే ప్రాజెక్టు ఒప్పందం. సంతకాలయ్యాక కూడా డబ్బు వెంటనే రాదు. ఒప్పందం చట్టప్రకారం ఆమోదం పొందింది, దీనికి ప్రభుత్వం కట్టుబడి ఉంటుంది అని న్యాయాధికారి రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. చూడటానికి చిన్న లేఖే. కానీ నీటి పంపకం మీద, నీటి తీరువా మీద రాష్ట్రం ఇచ్చిన ప్రతి మాటకూ చట్టంలో ఆధారం ఉందో లేదో తేల్చుకోకుండా ఆ లేఖ రాయడం కుదరదు.

ఆధారం లేనిచోట కొత్త చట్టం చేయాలి. ఆయకట్టు అభివృద్ధికి 1984లో ఒక చట్టం వచ్చింది. అంతకంటే పెద్ద మలుపు 1997 నాటి రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం. కింది స్థాయిలో నీటి వినియోగదారుల సంఘం, దానిపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆపైన ప్రాజెక్టు కమిటీ. ఆ ఏడాదే ఎన్నికలు జరిగి, అంతవరకూ నీళ్లు వదిలే లష్కరు వైపు చూస్తూ కూర్చున్న రైతు తూము దగ్గర తన మాట చెప్పుకునే హక్కు సంపాదించాడు. సాగునీటి సంస్కరణల్లో ఇంత ధైర్యమైన చట్టం దేశంలో అరుదు.

2010లో సాగర్ కాలువల ఆధునికీకరణకు ప్రపంచ బ్యాంకు మరో 45.06 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. పనులు నడుస్తుండగానే 2014లో రాష్ట్రం రెండయింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ, ఖమ్మం దాటి అప్పటి కృష్ణా జిల్లా ప్రాంతంలోకి పోతుంది. కాలువ ఒక్కటే, ప్రభుత్వాలు రెండు. ఏ పని ఎవరిది, ఏ బాకీ ఎవరిది అన్నది మళ్లీ కాగితాల మీదే తేలాలి.

ఈ ఒప్పందాలు రహస్యాలేమీ కావు, బ్యాంకే వాటిని బయటపెడుతోంది. అయితే అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కాలువ చివరి భూముల రైతుకు వాటిలో తన నీటి గురించి ప్రభుత్వం ఏం మాట ఇచ్చిందో తెలియాలి. వాటిని తెలుగులో అచ్చువేసి సాగర్ ఆయకట్టు గ్రామాలకు పంపే పని రెండు ప్రభుత్వాలూ ఇకనైనా చేపట్టాలి.